పొట్టోడి దూప

కుండ చెడిన రోజు

ఏ దీపానికి అద్దం పగిలింది, ఏ దీపం బ్యాటరీ దిగిపోయింది, ఎవరు దాన్ని నేలకేసి కొట్టి నా చేత తిట్లు తిన్నారు, ఇన్నాళ్ళూ లాంప్ రూమ్ పుస్తకంలో నేను రాసింది ఇదే. ఇవాళ్టి నుంచి చక్కెర మందు సంగతి కూడా రాయాలి. రాసి పెట్టకపోతే రేపు ఎవరికి తోచినట్టు వాళ్ళు చెప్పుకుంటారు. మా మూడో లెవెల్ జనం నోళ్ళు నాకు తెలుసు. నా నోరూ మంచిది కాదు, అది వేరే సంగతి.

మొదటి సైరన్ మోగిందో లేదో మొండయ్య వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు. మందు కుండను చూసుకునేది ఆయనే. లెవెల్ చివర, నీళ్ళు ఊరే చల్లటి మూలలో ఆయన పులియబెట్టే కుండలోంచే మా రెండు వందల పద్నాలుగు దీపాలకూ, లెక్కకు దీపానికొక మనిషి, షుగరుకు పొడుచుకునే చక్కెర మందు రావాలి.

“చెల్లె, కుండ కరాబైంది,” అన్నాడు.

“కరాబైందంటే?”

“మొన్న పెద్ద ఫ్యాను ఆగలే? గా వేడికి లోపల పురుగు పట్టింది. నిన్నటి సరుకంత పారబోసిన. కొత్తది పులిసి, వడగట్టేసరికి పన్నెండు దినాలు పడుతది.”

“ఉన్న సీసాలు?”

“ఎనిమిది దినాలకు సాలుతయి.”

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఫ్యాను ఆగినప్పుడే తడి గోనెలు ఎందుకు కప్పలేదని నోటికొచ్చినట్టు తిట్టాను.  నేను ఆపాక ఆయన మెల్లగా అన్నాడు, కప్పాడట. గోనెలు కూడా వేడెక్కాయట. పైన మనిషి నిలవలేని ఎండ ఈ ఏడు ఇంకా ముదిరింది మరి, మేం బతికే ఈ బొగ్గు బాయి లోపలికి కూడా దిగుతోంది.

మా దగ్గర షుగరు లేని మనిషి లేడు. తొట్టిలో పెరిగే గడ్డను ఉడికించి ముద్ద చేసుకుని తినే జనానికి పదేళ్ళు దాటేసరికి అది రాక మానదు. కానీ చాలామందికి ఒంట్లో కొంతైనా మందు ఊరుతుంది. ఒకటి రెండు రోజులు తప్పినా గొంతెండి, కాళ్ళు పీక్కుపోయి, ఎలాగో నిలబడతారు. నా బిడ్డ సుగుణ సంగతి అది కాదు. దాని ఒంట్లో ఒక్క చుక్క కూడా తయారవదు. ఏడేళ్ళప్పటి నుంచీ అంతే. ఇప్పుడు దానికి ఇరవై రెండు. ఇన్నేళ్ళలో ఒక్క పూట మందు తప్పనివ్వలేదు నేను.

“అందరికి మూడో వంతు కోత పెడ్దాం. సుగుణకు మాత్రం పెట్టం,” అన్నాడు మొండయ్య, నేను అడగకముందే. “దాని సంగతి అందరికి ఎరికే గదా.”

తల ఊపాను. ఆ మాట అనిపించుకోవడానికే అంతసేపు తిట్టానేమో, ఏమో.

రెండో రోజు

కోత పడినప్పుడు ఎలా తినాలో నేర్పాలని ఇవాళ పిల్లల బడి లాంప్ రూమ్‌లోనే పెట్టించాను. పాఠం చెప్పేది సుగుణే. ముప్పై మంది పిల్లలు, ముప్పై దీపాలు, ముప్పై పొట్టోళ్ళు. గోలకు నా చెవులు దిమ్మెక్కిపోయాయి.

మా దీపం వెనక అరచేతిలో పట్టేంత అద్దం ఉంటుంది. అందులో నెత్తిన టోపీతో పొట్టోడనే కదిలే బొమ్మ నిలబడి ఉంటుంది. పొద్దున వేలు పొడిచి చుక్క అంటిస్తే నీ నెత్తురే వాడి నెత్తురు. నువ్వు తినబోయే ముద్ద ముందు వాడికి పెట్టి చూడాలి. రాబోయే నాలుగు గంటల్లో నీ ఒంటికి ఏమవుతుందో వాడు నాలుగు నిమిషాల్లో నడిచి చూపిస్తాడు. మందు తక్కువై చక్కెర ఎక్కితే నాలుక బయటపెట్టి “దూప, దూప” అని నీళ్ళడుగుతాడు. మందు ఎక్కువైతే వణికి కూలబడతాడు. అది చూసి నువ్వు ముద్ద తగ్గించుకోవాలో పెంచుకోవాలో తేల్చుకుంటావు. ఆ తరువాత రోజంతా వాడు నీతోనే బతుకుతాడు. ఒక రోజు మించి మందు లేకపోతే చస్తాడు.

“అందరూ ఒక ముద్ద తీసేయండి. ఏమైంది?” అని అడిగింది సుగుణ.

“పొట్టోడు ఏడుస్తాండు టీచర్!”

“ఏడ్వనియ్యి. దూపంటాండా?”

“అంటలేడు!”

“గట్లయితే మనం సుత పన్నెండు దినాలు ఏడ్సుకుంట బతుకుదాం.”

పిల్లలు పగలబడి నవ్వారు. దాని నాలుక దాని బాపు నాలుకే.

ఈ పొట్టోడి ఆట పన్నెండేళ్ళ కిందట నేనూ నా మొగుడు, అంటే దాని బాపు, రాజేశం కలిసి చేశాం. అప్పట్లో ఎవరికి తోచినంత మందు వాళ్ళు పొడుచుకునేవాళ్ళు. ఒక్క ఏడాదిలో నలభై మంది శవాలను పైకి పంపాం. బొమ్మ గీసింది రాజేశం. ఆయనకు ఒక కాలు కుంటి, అందుకే పొట్టోళ్ళంతా కుంటుతూనే నడుస్తారు. ఆడవాళ్ళు మా బొమ్మేదని కొట్లాటకొస్తే అదే బొమ్మకు జడ తగిలించి చేతులు దులుపుకున్నాడు. నియమాలు పెట్టింది నేను. పొట్టోడికి మందు వేశానని నోటితో చెబితే చాలదు, మందు పొడుచుకునే పెన్ను నొక్కి మందు నిజంగా బయటికి వస్తేనే దీపం ఒప్పుకోవాలి అన్నాను. లేకపోతే మా జనం పొట్టోడికి పన్నెండు గీతల మందని చెప్పి తాము నాలుగే పొడుచుకునేవాళ్ళు. లాంప్ రూమ్ గోడ మీద ఎర్ర రంగుతో రాసింది కూడా నేనే, పొట్టోడిని చావనీయకు అని. ఆ మాట ఇక్కడ పసిపిల్లలకు కూడా వచ్చు.

పాఠం అయ్యాక మందు పంచడం మొదలుపెట్టాం. దీపం చూపించాలి, దీపంలో పొట్టోడు బతికి ఉండాలి, అప్పుడే సీసా నింపుతాం. పోశవ్వ వచ్చి బల్ల మీద రెండు దీపాలు పెట్టింది. డెబ్బై ఏళ్ళ ముసలిది, నడుము ఒంగిపోయింది.

“బిడ్డా, గిది నాది. గిది మా సమ్మయ్యది.”

సమ్మయ్య ఆమె కొడుకు. పోయి రెండేళ్ళయింది. మనిషి పోతే దీపం తెచ్చి లాంప్ రూమ్ రాక్‌లో పెట్టాలని నియమం. ఆ నియమం కూడా నాదే. నేను రెండు దీపాలూ చూసి, రెండు సీసాలూ నింపి పంపేశాను. మొండయ్య నా వైపు చూశాడు. నేను చూడనట్టు తల దించుకున్నాను.

ఇప్పటిదాకా ఈ పుస్తకంలో రాయనిది ఒకటి రాస్తున్నాను. అలాంటి దీపాలు ముప్పై ఒకటి ఉన్నాయి. మా దగ్గర మనిషి పోతే బొగ్గు మోసే టబ్బులో పడుకోబెట్టి, తాడు మీద పైకి పంపేస్తాం. ఆ ఎండలోకి వెనక వెళ్ళే వీలు లేదు. సమాధి లేదు, బూడిద లేదు, పోయినవాళ్ళకు పెట్టే పెత్రమాస నాడు ఇంత ముద్ద పెట్టడానికి చోటు లేదు. మిగిలేది దీపం, అందులో కుంటుకుంటూ నడిచే పొట్టోడు. అందుకని ఇంట్లోవాళ్ళు తమ వేలి చుక్క అంటించి, ముద్ద పెట్టి, పెన్ను ముల్లు గోడ మూలకు ఆనించి మందు నొక్కుతారు. నిజమైన మందు. పెద్దలకు నీళ్ళు వదిలినట్టు వదులుతారు.

ఆ ముప్పై ఒకటిలో ఒకటి మా ఇంట్లో ఉంది. రాజేశం కిందటి చలికాలంలో పోయాడు. ఊపిరితిత్తుల నిండా బొగ్గు. ఆయన షుగరు మాత్రం చివరిదాకా అదుపులోనే ఉంది. అందుకే ఆయన పోయిన పూట కూడా ఆయన పొట్టోడు హాయిగా నడుస్తూనే ఉన్నాడు. దాన్ని తెచ్చి రాక్‌లో పెట్టడానికి నాకు చేతులు రాలేదు. నాది నేను ఇవ్వకుండా పోశవ్వను ఏ మొహంతో అడగను?

నాలుగో రోజు

కోత బాగానే నడుస్తోంది. జనం దాన్ని పందెం చేసుకున్నారు. తక్కువ ముద్దతో ఎవరి పొట్టోడు దూపనకుండా ఉంటాడా అని. మగవాళ్ళు భోజనం కాగానే టబ్బుల దారి వెంట పైకీ కిందికీ తిరుగుతున్నారు, నడిస్తే చక్కెర దిగుతుందని. పదేళ్ళుగా నేను నెత్తీ నోరూ మొత్తుకున్నా కదలని వాళ్ళు కూడా కదిలారు. ఆట చేసిన దానిగా గర్వపడ్డాను, దాచుకోవడం ఎందుకు.

కానీ ఇవాళ కూర్చుని లెక్క వేశాను. ఆ ముప్పై ఒక్క దీపాలూ పక్కన పెడితే కోత మూడో వంతు నుంచి సుమారు ఐదో వంతుకు దిగేది.  అయినా ఎవరినీ అడగలేదు. నేను చేసిందల్లా ఒకటే, రాజేశానికి మధ్యాహ్నం మందు మానేశాను. పొద్దునా సాయంత్రం ఇస్తే చావడు కదా అనుకున్నాను. పూర్తిగా ఇవ్వనూ లేదు, పూర్తిగా మాననూ లేదు. అంతా నాకు నేను చెప్పుకున్న నీతి.

మధ్యాహ్నానికి ఆయన పొట్టోడు నాలుక బయటపెట్టి దూప, దూప అనడం మొదలుపెట్టాడు. దీపాన్ని గోడ వైపు తిప్పి పెట్టి పనికి పోయాను.

ఆరో రోజు

సుగుణ చుక్క చూస్తే చక్కెర మూడు వందల ఎనభై ఉంది.  లెవెల్ మొత్తంలో కోత లేనిది దానికొక్కదానికే. చక్కెర ఎక్కాల్సిన పనే లేదు.

“దొంగతనంగ ముద్ద తిన్నవా?”

“తినలేదవ్వా.”

“మరి ఎట్లెక్కింది? గాలికెక్కిందా?”

“నీ దీపమే తప్పు జెప్తాందేమో.”

“నా దీపం పన్నెండేండ్ల నుంచి తప్పు జెప్పలే. నీ నాలుకనే తప్పు జెప్తాంది. ముప్పై మంది పోరగాండ్లకు పాటం జెప్పేదానివి, నీకు బుద్ధి లేకపోతె ఎట్లనే? అందరి నోరు కొట్టి నీకు నిండ పోస్తాన్రు. సిగ్గనిపిస్తలేదా?”

అది తల దించుకుని నేల చూస్తూ నిలబడింది. మామూలుగా అయితే నాకు రెండింతలు అనేది.  అప్పుడైనా నాకు అనుమానం రావాల్సింది. రాలేదు. పైగా ఇంటికి పోయి చూస్తే రాజేశం పొట్టోడు హుషారుగా నడుస్తున్నాడు, దూపనడం లేదు. మధ్యాహ్నం మందు లేకుండానే నిలదొక్కుకున్నాడని మురిసిపోయాను. ఆ ఆట చేసినదాన్ని నేను. మందు లేకుండా వాడు అలా నడవలేడని నాకంటే తెలిసినవాళ్ళు ఈ బాయిలో లేరు. అయినా ఎందుకు నడుస్తున్నాడని ఒక్కసారి కూడా అడగలేదు.

ఏడో రోజు

పాఠం చెబుతూ చెబుతూ సుగుణ వాంతి చేసుకుంది. పిల్లలు పరుగెత్తుకొచ్చి చెప్పారు. పోయేసరికి గోడకు ఆనుకుని కూర్చుని ఉంది, పరుగెత్తి వచ్చిన మనిషిలా రొప్పుతోంది. నోటి దగ్గర మురిగిన పండు వాసన. ఆ వాసన నాకు తెలుసు. ఆ నలభై మందిని పైకి పంపిన ఏడాదంతా పీల్చాను.

ఇంటికి తెచ్చి పడుకోబెట్టి, మందు పొడిచి, ఉప్పు నీళ్ళు తాగించాను. దాని దీపం కోసం వెతికితే మంచం పక్కన గోడ వైపు తిప్పి పెట్టి ఉంది. తిప్పి చూశాను. జడ ఉన్న పొట్టోడు నేల మీద కూర్చుని దూప, దూప అని అంటూనే ఉన్నాడు. మందు వేసిన గుర్తులు చూస్తే మూడు రోజులుగా మధ్యాహ్నం, సాయంత్రం ఖాళీ.  లేచి రాజేశం దీపం తీసి చూశాను. అందులో మూడు రోజులుగా మధ్యాహ్నం పన్నెండేసి గీతలు. సాయంత్రం నేను ఇచ్చినది కాక ఇంకో పన్నెండు.

“నువ్వేనానే?” అన్నాను.

కళ్ళు మూసుకునే జవాబు చెప్పింది. “బాపు దూప దూప అంటాండవ్వా. నువ్వేమో గోడకు దిప్పి పోతివి.”

“అది బొమ్మనే, పిచ్చిదానా!”

“బొమ్మైతె నువ్వెందుకు పోసినవ్ మరి ఇన్ని దినాలు?”

తడి గుడ్డ తీసుకుని దాని నోరు తుడిచాను. 

తనకు పొద్దున వేసుకునేది ఒక్కటే చాలనుకుందట. మిగతా పూటలు ముద్ద తినడం మానేసిందట. ముద్ద మానేస్తే చక్కెర ఎక్కదనుకుంది. తిండి మానినా మందు మానకూడదని ముప్పై మంది పిల్లలకు ఆటలో చూపించి నేర్పేది అదే. మందు లేకపోతే ఒళ్ళు తన కొవ్వును తానే కాల్చుకుని విషం చేసుకుంటుందని కూడా దానికి తెలుసు. తెలిసి కూడా చేసింది. దాన్ని తిట్టిన నా నోరు పడిపోను.

ఎనిమిదో రోజు

సుగుణకు గంట గంటకూ మందు పొడవాలి. సీసాల్లో ఉన్నది కోత మీద అందరికీ నాలుగు రోజులకు మాత్రమే వస్తుంది. దానికి ఎక్కువ పోస్తే ఎవరో ఒకరికి తక్కువ పడుతుంది. మొండయ్యను సుగుణ దగ్గర కూర్చోబెట్టి, అందరినీ లాంప్ రూమ్‌కు పిలిచాను.

“పోయినోళ్ళ దీపాలు రాక్‌ల పెట్టాలె,” అన్నాను. “ముప్పై ఒకటి ఉన్నయి. అన్నీ గావాలె.”

 అందరూ ఒక్కసారే మాట్లాడారు. చివరికి అందరి గొంతులూ తగ్గాక పోశవ్వ గొంతు మిగిలింది.

“బిడ్డా, గా గోడ మీద రాసింది నాకు సదివి జెప్పింది ఎవలు? నువ్వే గదా. పొట్టోన్ని సావనియ్యకుమని. రెండేండ్ల నుంచి నేను సావనియ్యలే. నా కొడుకును టబ్బుల పండవెట్టి తోలిన్రు. ఎండల ఏమైండో ఎవలు జూసిన్రు? పిడికెడు మట్టి ఎయ్యలే. పెత్రమాసకు యాడ పెట్టాలె నేను? గీ దీపమొక్కటే నాకు దొరికింది. దాన్ని సుత తెమ్మంటవా?”

“నా బిడ్డ సచ్చిపోతాంది అవ్వా.”

“సుగుణకు నా వంతు మందు పొయ్యి. నేను ముసలిదాన్ని, ఇయ్యాల గాకుంటె రేపు పోత. నాది పొయ్యి, కాదన. నా కొడుకుది అడుగకు.”

వెనక నుంచి ఎవరో అన్నారు, “మీ ఇంట్ల రాజేశం దీపం ఎలుగుతలేదా ఓదెక్కా? మాకు ఎరుక లేదనుకున్నవా?”

నా తల తీసేసినట్టయింది. ఇంటికి పోయి దీపం తెచ్చి బల్ల మీద, అందరికీ కనబడేట్టు నిలబెట్టాను. దాని పెన్ను తీసి సీసా విప్పి, అందులో ఉన్న మందు సుగుణ సీసాలో పోసేశాను. తరువాత అక్కడే స్టూలు వేసుకుని కూర్చున్నాను.

షిఫ్టంతా పట్టింది. దూప అన్నాడు. కాసేపు నడిచాడు, మళ్ళీ దూప అన్నాడు. దీపం గోడకు తిప్పలేదు నేను. రాజేశం బతికుండగా నన్ను ఒక్కసారి కూడా నీళ్ళడగలేదు, ఆయనే లేచి తాగేవాడు, నాకూ తెచ్చిచ్చేవాడు. ఇవాళ ఇంతమంది ముందు నాలుక చాచి అడిగితే చూస్తూ కూర్చున్నాను. కళ్ళ వెంట నీళ్ళు ధారగా కారాయి, తుడుచుకోలేదు. సైరన్‌కు కాస్త ముందు కుంటి కాలు మీద ఒరిగి పడిపోయాడు. అద్దం నల్లబడింది.

నేను లేచి దాన్ని రాక్‌లో పెట్టాను. పోశవ్వ గోడ పట్టుకుని లేచింది. కొంగులోంచి సమ్మయ్య దీపం తీసి, నుదుటికి ఆనించుకుని, రాజేశం దీపం పక్కన పెట్టింది. నా వైపు చూడలేదు. రెండో షిఫ్టు అయ్యేసరికి నాదితో కలిపి ఇరవై తొమ్మిది వచ్చాయి. ఇద్దరు ఇవ్వలేదు. వాళ్ళను నేను ఏమీ అనలేదు.

తొమ్మిదో రోజు

సుగుణ కాస్త తేరుకుంది. రొప్పు తగ్గింది. ఉప్పు నీళ్ళు కడుపులో నిలుస్తున్నాయి.

“బాపు దీపమేది?” అని అడిగింది.

“రాక్‌ల పెట్టిన.”

దానికి అర్థమైంది. అటు తిరిగి పడుకుంది. చాలాసేపటికి, “నాతోటి ఒక్క మాట జెప్పకపోతివి,” అంది.

“చెప్తె పెట్టనిస్తువా?”

“పెట్టనియ్యకపోదును.” నా వైపు తిరిగింది. “ఆ మందు ఎవలకు పోసినవ్?”

“నీకే.”

“అయితె బాపు ఇచ్చిండనుకుంట.”

పిల్లలు వచ్చి గుమ్మంలో నిలబడితే చెయ్యి ఊపింది. రేపు పాఠానికి వస్తానంది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఎనిమిది రోజుల తరువాత ఇవాళ కడుపు నిండా తిన్నాను.

పదో రోజు

మొదటి సైరన్ వేళకు సుగుణ పోయింది. మందు ఉంది. గంట గంటకూ పొడిచాను. చక్కెర కూడా దిగింది. కానీ మూడు రోజులు తన్ను తాను కాల్చుకున్న ఒళ్ళు, గుండె ఆగిపోయింది. నీళ్ళు కలపడానికి అటు తిరిగాను, ఇటు తిరిగేసరికి అయిపోయింది.

టబ్బులో పడుకోబెట్టి, దాని మీద నా చీర కప్పాను. తాడు లాగేటప్పుడు టబ్బు చీకట్లోకి పోయేదాకా చూశాను. అంతే.

పదకొండో రోజు

పొద్దున దాని దీపం రాక్‌లో పెడదామని చేతిలోకి తీసుకున్నాను. జడ ఉన్న పొట్టోడు లేచి నిలబడి చుక్క కోసం చెయ్యి చాపాడు. నిన్నటిదాకా గంట గంటకూ పొడిచిన మందు ఇంకా వాడిలో ఉంది. దీపం అలాగే పట్టుకుని లాంప్ రూమ్‌కు పోయాను.

అప్పటికే జనం ఉన్నారు. మొండయ్య, పోశవ్వ, సుగుణ బడి పిల్లలు, వాళ్ళ తల్లులు, దీపాలు ఇచ్చిన మిగతా ఇళ్ళవాళ్ళూ. దీపం ఇవ్వని ఆ ఇద్దరు కూడా వచ్చారు. మొండయ్య బల్ల మీద ఒక సీసా పెట్టాడు. మందు మెడ దాకా ఉంది.

“ఇంటికి రెండు గీతలు తీసినం చెల్లె,” అన్నాడు. “ఎవలను అడుగలే, వాళ్ళే పోసిన్రు. కొత్త కుండ దిగేదాక సాలుతది.”

నాకు వెంటనే అర్థం కాలేదు. పోశవ్వ నా చేతిలో దీపం వైపు చూపించింది.

“మా పోరగాన్ల దీపాలు పోతె పోయినయి బిడ్డా. నీ పొల్లను సావనియ్యకు.”

ఆ సీసా చూస్తూ నిలబడిపోయాను. రెండు గీతలు తగ్గితే ఆ పూట ఒక ముద్ద తగ్గుతుంది. పిల్లల ఇళ్ళ నుంచి కూడా తీశారు. నాకు ఒళ్ళు మండింది. జీవితంలో ఎవరినీ తిట్టనంతగా వాళ్ళను తిట్టాను. మీకు బుద్ధి లేదన్నాను, సిగ్గు లేదన్నాను, పిల్లల నోళ్ళు కొట్టి బొమ్మకు పోస్తారా అన్నాను. మీరు ఇలా మంచివాళ్ళయి నన్ను చంపుతున్నారన్నాను. మొండయ్య చొక్కా పట్టుకుని సీసా తిరిగి ఆయన చేతిలో కుక్కి, ఎవరి రెండు గీతలు వాళ్ళకు ఇప్పుడే పోయమన్నాను. నా గొంతు బొంగురుపోయేదాకా అరిచాను.

ఎవరూ కోప్పడలేదు. ఎవరూ పోలేదు కూడా. మొండయ్య ఒక్కొక్కరినీ పిలిచి తిరిగి పోశాడు. పోశవ్వ నేల మీద కూర్చుని, పక్కన చోటు చూపించింది. “కూసో,” అంది. కూర్చున్నాను. దీపం నా ఒళ్ళో పెట్టుకున్నాను.

చుట్టూ అందరూ కూర్చున్నారు. పనికి పోవాల్సిన వాళ్ళు కూడా పోలేదు. జడ ఉన్న పొట్టోడు దూప అన్నప్పుడల్లా పిల్లల్లో ఎవరో ఒకరు ఏడ్చారు. ఒక పసిది లేచి వచ్చి, చెంబులో నీళ్ళు తెచ్చి నాకిచ్చింది. తాగాను. షిఫ్టు సగం దాటాక పొట్టోడు కూర్చున్నాడు. ఆ తరువాత పడుకున్నాడు. చివరికి అద్దం నల్లబడినప్పుడు కూడా కాసేపు ఎవరూ లేవలేదు.

దీపం తీసుకుపోయి రాజేశం దీపానికి ఇటు పక్కన పెట్టాను. అటు పక్క సమ్మయ్యది ఉంది.

పదమూడో రోజు

కొత్త కుండ దిగింది. మొండయ్య నాలుగుసార్లు వడగట్టి, ముందు తనకే పొడుచుకుని చూసుకున్నాడు. బాగుంది. కోత ఎత్తేశాం. పిల్లల బడి నేనే చెప్పాను, తిండి మానినా మందు ఎందుకు మానకూడదో పొట్టోడితో చూపించాను. వాళ్ళు గోల చేయలేదు. చెప్పిందల్లా విన్నారు.

ఇవాళ మందు అందరికీ సరిపోయింది. సుగుణ పేరున నింపిన సీసా ఒకటి మిగిలింది.